అంకెల కంఠమాల

మామిడికాయల మార్కెట్టుకు పేరుపడిన బంగారుపాళ్యం నుండి ఉన్నత పాఠశాల విద్యార్థిని ఒకతె మాకు జాబు వ్రాసినది. 11ను 11తో గుణించిన 121; 111ను 111తో గుణించిన 12321; ఒకట్లు ఆరైనచో 12345654321. ఈ వరుసను నమ్ముకొని పది ఒకట్లకు నడుమ 10 ఉంచి, ఇరువైపుల 9 నుండి 1 వరకు పేర్చినదట. తప్పని కొట్టివేసినారు, ఎందుకు తప్పో చెప్పలేదు. ఆ కారణము ఆమెకు న్యాయముగా రావలసినదే. శ్రోతలు కాగితము, పెన్సిలు దగ్గర ఉంచుకొందురుగాక.

‘వికటకవి’ అను మాటను ఎటునుండి చదివినను ఒక్కటే గదా! అట్టి సంఖ్యలు మన పూర్వులకు క్రొత్త కావు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన ‘గణితసారసంగ్రహము’లో, ఒకటితో మొదలై ఆరు వరకు పెరిగి మరల క్రమముగా తగ్గు పై సంఖ్యయే కనబడుచున్నది. ఇటువంటి గుణకార ఫలములను ఆయన కంఠాభరణములతో పోల్చినాడు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు చేసినాడు.

111111ను దానితోనే గుణించునపుడు ఆరు వరుసలు వేయుదుము. ప్రతి వరుస ఒక్కొక్క స్థానము ఎడమకు జరుగును. కుడి చివర ఒక ఒకటి, ప్రక్కన రెండు, ఆ ప్రక్కన మూడు. ఇట్లు ఆరు వరకు పెరిగి, ఆపైన తగ్గును. ఫలములోని అంకెలు ఆ నిలువు వరుసలలోని ఒకట్ల లెక్కయే తప్ప మరేమియు కాదు.

మహావీరుడు మాత్రము 27994681ను 441తో గుణింపుమన్నాడు. గడుసువాడు! 441 అనగా 21 వర్గము. మొదటిది 5291 వర్గము. 21ని 5291తో గుణించిన 111111. హారమును రెండు ముక్కలు చేసి దాచినాడన్నమాట. దానిని ఇంకను విడదీసిన 3, 7, 11, 13, 37 అను ప్రధాన సంఖ్యలు రెండేసి సార్లు వచ్చును.

వీనిలో 11కు ఒక ప్రత్యేకత కలదు. ఎటు చదివినను ఒకటిగా నుండు సంఖ్యలో అంకెల లెక్క సరి అయినచో, 2772 వలె, అది 11చే తప్పక భాగింపబడును; ప్రతి అంకెయు బేసిస్థానమున ఒకసారి, సరిస్థానమున ఒకసారి వచ్చుటయే కారణము. మన హారములో అంకెలు పదకొండు, బేసి. అయినను ఒకటి విడిచి ఒకటి కూడగా రెండు మొత్తములును 18 అగుటచే ఇదియు భాగింపబడినది.

ఇక పది ఒకట్లు. నడిమి నిలువు వరుసలో పది చేరును. ఒక స్థానమున పది ఇమడదు. సున్న నిలిచి, ఒకటి ఎడమకు పోవును. అక్కడి 9 పదియై మరల సున్న; దాని ఎడమనున్న 8 తొమ్మిదియగును. ఫలము 1234567900987654321. హారము తెగినది, ఎడమ వైపున 8 జారిపోయినది.

అమ్మాయీ, నీ వరుస తొమ్మిది ఒకట్ల వరకు నిలుచును. డజన్ల లెక్కన, పదికిని పదకొండుకును విడివిడిగా ఒక్కొక్క గుర్తు పెట్టుకొని లెక్కించువారు ఉన్నచో, నీవు వ్రాసిన జవాబులో నడిమి 10కి బదులు ఆ పది గుర్తును ఉంచిన, అది వారికి సరియైనదే.