ఆరు రోజులు... రెండు జలసమాధులు

నేల మీద యుద్ధం జరిగితే ఆనవాళ్లు మిగులుతాయి. గాలిలో జరిగితే శకలాలైనా దొరుకుతాయి. నీటిలో జరిగే యుద్ధం అలా కాదు. నిమిషాల్లో వందల మందిని మింగేసి, మర్నాటికి సముద్రం ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. 1971 డిసెంబరులో భారత్, పాకిస్థాన్‌ల మధ్య జరిగిన యుద్ధంలో సరిగ్గా అదే జరిగింది. ఆరు రోజుల తేడాతో తూర్పు తీరంలో ఒకటి, పశ్చిమ తీరంలో ఒకటి... రెండు నౌకలు మునిగిపోయాయి. ఒకటి వాళ్లది, ఒకటి మనది.

విక్రాంత్ కోసం వేట

అప్పట్లో మన నౌకాదళానికి ఉన్న ఒకే ఒక్క విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్. అది బంగాళాఖాతంలో ఉన్నంతకాలం తూర్పు పాకిస్థాన్‌కు సముద్రం మీదుగా సాయం అందదు. దాన్ని ముంచేయడమే లక్ష్యంగా 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది పీఎన్‌ఎస్ ఘాజీ. అమెరికా నుంచి తీసుకున్న జలాంతర్గామి అది. అసలు పేరు డయాబ్లో. పాకిస్థాన్ జలాంతర్గాముల్లో భారతదేశాన్ని చుట్టి బంగాళాఖాతం దాకా రాగలిగే సత్తా దానికొక్కదానికే ఉంది.

ఈ సంగతి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్‌కు తెలుసు. విక్రాంత్ బాయిలర్లో పగులు ఉన్న విషయమూ తెలుసు. పూర్తి వేగంతో పరుగెత్తలేని ఓడ జలాంతర్గామికి తేలిగ్గా చిక్కుతుంది. అందుకే విక్రాంత్‌ను గుట్టుచప్పుడు కాకుండా అండమాన్ వైపు పంపేశారు. అది విశాఖ దగ్గరే ఉందన్న భ్రమ కల్పించే పని పాత యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌కు అప్పగించారు. విక్రాంత్ పంపుతున్నట్టుగా రాజ్‌పుత్ నుంచి వైర్‌లెస్ సందేశాలు వెళ్లాయి. నావికుడొకరు తన తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టుగా ఓ సందేశాన్ని రహస్య సంకేతాలేమీ లేకుండా మామూలు భాషలోనే పంపారు. విశాఖ బజారులో మాంసం, కూరగాయలు పెద్దమొత్తంలో ఆర్డరిచ్చారు. భారీ నౌకాదళం రేవులో ఉందని ఎవరైనా అనుకోవాల్సిందే!

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ రేవు దాటుతుండగా, ముందున్న నీటిలో అలజడి కనిపించింది. వెంటనే రెండు డెప్త్ ఛార్జ్‌లు... అంటే నీటి అడుగున పేలే బాంబులు వదిలారు. కొద్ది నిమిషాలకే పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ల కిటికీలు అదిరాయి. తర్వాత జాలర్లకు దొరికిన శకలాలు, గజ ఈతగాళ్లు దిగి చూసిన ఆధారాలు అది ఘాజీయేనని తేల్చాయి. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

రాజ్‌పుత్ దాడికే ఘాజీ మునిగిందన్నది మన నౌకాదళం మాట. తాను అమర్చిన మైన్లే పేలి మునిగిందన్నది పాకిస్థాన్ మాట. లోపలే పేలుడు జరిగిందని అనేవారూ ఉన్నారు. చెప్పగలిగిన వాళ్లెవరూ పైకి రాలేదు.

వినాలంటే ఆగాలి... ఆగితే ముప్పు

తూర్పున అలా ఊపిరి పీల్చుకున్న నౌకాదళానికి పశ్చిమాన దెబ్బ తగిలింది. కరాచీపై మన క్షిపణి బోట్లు రెండుసార్లు విరుచుకుపడ్డాయి. ఆ సమయంలోనే గుజరాత్ తీరం దగ్గర ఓ పాక్ జలాంతర్గామి తిరుగుతోందని దాని రేడియో సంకేతాలను బట్టి తెలిసింది. దాన్ని పట్టుకోవడానికి ముంబయి నుంచి ఐఎన్‌ఎస్ ఖుక్రీ, ఐఎన్‌ఎస్ కృపాణ్ బయల్దేరాయి. ఆ జలాంతర్గామి పేరు హంగోర్. ఫ్రాన్స్‌లో తయారైంది. ఘాజీ కంటే కొత్తది.

నీటి అడుగున కళ్లు పనిచేయవు. చెవులే దిక్కు. ఓడలోని సోనార్ పరికరం నీటిలోకి శబ్దాన్ని పంపుతుంది. అది దేనికైనా తగిలి వెనక్కి వస్తే, అక్కడ ఏదో ఉన్నట్టు. కానీ నీరు అన్ని లోతుల్లోనూ ఒకేలా వెచ్చగా ఉండదు. వెచ్చని పొర, చల్లని పొర కలిసేచోట శబ్దం దారి మళ్లుతుంది. ఆ కింద దాగిన జలాంతర్గామి జాడ దొరకదు. పైగా ఓడ వేగంగా వెళ్తే దాని సొంత చప్పుడే అడ్డం. బాగా వినాలంటే మెల్లగా సాగాలి. మెల్లగా సాగే ఓడ మీద గురి పెట్టడం తేలిక. డిసెంబరు 9 రాత్రి ఖుక్రీ చిక్కుకున్నది ఈ ఇరకాటంలోనే. సోనార్ సామర్థ్యం పెంచే కొత్త పరికరాన్ని పరీక్షిస్తూ అది నెమ్మదిగా వెళ్తోంది. అడుగున ఉన్న హంగోర్‌కు మాత్రం పైనున్న ఓడల చప్పుడు చాలా దూరం నుంచే వినిపించింది.

కృపాణ్‌పై వదిలిన మొదటి టార్పెడో పేలకుండానే వెళ్లిపోయింది. రెండోది ఖుక్రీని తాకింది. దీవ్‌కు సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో, రాత్రి తొమ్మిది కావస్తుండగా ఓడ నిమిషాల్లోనే మునిగింది. మూడో టార్పెడో నుంచి కృపాణ్ తప్పించుకుంది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు... మొత్తం 194 మంది జలసమాధి అయ్యారు. 67 మందిని మర్నాడు కాపాడగలిగారు.

ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు తప్పించుకునే వీలుంది. ఆయన తన లైఫ్ జాకెట్‌ను మరొకరికిచ్చి, వీలైనంత మందిని నీటిలోకి దూకించారు. తాను ఓడతోనే ఉండిపోయారు. ప్రభుత్వం మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జలాంతర్గామి దాడిలో మునిగిన తొలి యుద్ధనౌక ఖుక్రీయే. స్వతంత్ర భారతం యుద్ధంలో పోగొట్టుకున్న యుద్ధనౌక కూడా అదొక్కటే.

గెలిచినా తీరని లోటు

డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేనలు లొంగిపోయాయి. ఆ విజయానికి గుర్తుగా విశాఖ ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం వెలిసింది. దానికి దగ్గర్లోనే 2002 నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. లోపలికి వెళ్లిన వారికి ఆ ఇరుకు అరల్లో వారాల తరబడి బతకడమంటే ఏమిటో కొంతైనా అర్థమవుతుంది. ఘాజీలోని 93 మంది బతికిందీ అలాంటి ఇరుకులోనే. హంగోర్ కూడా ఇప్పుడు కరాచీలో మ్యూజియమే.

ఖుక్రీ పేరు అక్కడితో ఆగిపోలేదు. 1989లో అదే పేరుతో మరో యుద్ధనౌక నౌకాదళంలో చేరింది. 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరులో విశాఖలోనే విశ్రాంతి తీసుకుంది. తర్వాత దాన్ని దీవ్‌కు తరలించి స్మారకంగా నిలిపారు. ఇక ఘాజీ శకలాలు విశాఖ తీరానికి కొద్ది దూరంలో అలాగే ఉన్నాయి. మన నౌకాదళం తన రెస్క్యూ వాహనంతో వాటిని గుర్తించినట్టు 2024లో వార్తలొచ్చాయి. కానీ కదిలించలేదు. అందులో ఉన్నది శత్రువులే కావచ్చు. సమాధిని తవ్వకూడదన్నది నావికుల సంప్రదాయం.

ఏటా డిసెంబరు 4న మనం నౌకాదళ దినోత్సవం జరుపుకుంటాం. నౌకాదళ విన్యాసాలు చూడటానికి జనం పోటెత్తుతారు. ఆ తర్వాత అయిదు రోజులకే, డిసెంబరు 9 వస్తుంది. ఖుక్రీతో వెళ్లి తిరిగిరాని 194 మందిని తలచుకోవాల్సిన రోజది.