గృహహింస: రక్షణ లేని రాజీ రాజీయేనా?

భర్త భార్యను కొట్టడం ఏ సందర్భంలోనైనా సమంజసమేనా అని 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వారు ఇంటింటికీ వెళ్లి అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, పిల్లలను పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చదివి వినిపించారు. వీటిలో ఏదో ఒకదానికైనా కొట్టవచ్చునని తెలంగాణలో నూటికి 83.8 మంది స్త్రీలు జవాబిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 83.6 మంది. దేశం మొత్తం మీద చూస్తే ఈ సంఖ్య 45 ప్రాంతంలోనే ఉంది. అదే సర్వేలో తెలంగాణలోని 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి 36.9 మంది తాము భర్త చేతిలో హింసకు గురైనట్లు చెప్పారు.

ఈ అంకెలు ఏ ఒక్క మతానికో, కులానికో చెందినవి కావు. మన వాకిళ్లు దీనికి మినహాయింపు అనుకోవడానికి ఆధారమూ లేదు. దెబ్బలు తినేవారే దెబ్బలను సమర్థించడం చూసి ఆశ్చర్యపడనవసరం లేదు. తల్లి నేర్పిన మాట, అత్త నేర్పిన మాట, పెద్దలు రాజీ కుదిర్చి పంపుతూ చెప్పిన మాట అన్నీ ఒక్కటే అయినప్పుడు ఆ జవాబు కాక మరే జవాబు వస్తుంది?

గృహహింస అంటే చెంపదెబ్బ మాత్రమే కాదు. 2005లో పార్లమెంటు ఆమోదించగా 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చిన గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం నాలుగు రకాల హింసను పేర్కొంటుంది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతోను మానసికంగాను చేసే హింస, ఆర్థిక హింస. మొదటి మూడింటిని గూర్చి ఎంతో కొంత చర్చ జరుగుతూనే ఉంది. నాల్గవది హింస అని గుర్తించేవారే తక్కువ.

దానిని అర్థం చేసుకోవాలంటే గచ్చిబౌలి వైపు చూడాలి. హైదరాబాదు విశ్వవిద్యాలయం స్థాపించబడిన 1974 నాటికి అది బండరాళ్ల మధ్య ఒక పల్లె. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది, ఆ ప్రాంగణమూ ఇక్కడే ఉంది. అదే సంవత్సరం పక్కనే మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత జరిగింది అందరికీ తెలిసిందే. చదువు వచ్చింది, జీతం వచ్చింది, ఆడపిల్ల రాత్రి షిఫ్టుకు కూడా వెళ్లి వస్తున్నది. కాబట్టి హింస దానంతటదే తొలగిపోతుందని చాలామంది ఆశించారు.

అది తొలగలేదు, రూపం మార్చుకున్నది. జీతం భార్య ఖాతాలోనే పడుతుంది, కాని ఏటీఎం కార్డు భర్త జేబులో ఉంటుంది. ఫ్లాటు భర్త పేరున, అప్పు మాత్రం ఇద్దరి పేరున. ఫోను ఎవరు చేశారో, ఆఫీసు క్యాబు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రోజూ లెక్క చెప్పాలి. కాన్పు తరువాత ఉద్యోగం మాన్పించి, ఆపైన నూనెకు, పాలకు చేయి చాపవలసిన స్థితికి తెస్తారు. మొహల్లాలో గోడ పక్కన గోడ ఉండేది, కేక వినబడితే పక్కింటి ఖాలా తలుపు తట్టేది. పద్నాలుగవ అంతస్తులో ఆ తలుపు తట్టేవారు ఉండరు. గేటు వద్ద వాచ్‌మన్ ఉన్నా అతని పని బయటివారిని ఆపడం. ఆ ఫ్లాట్లలో అంట్లు తోమడానికి వచ్చే స్త్రీ తన బస్తీలో తినే దెబ్బలు నలుగురికీ వినబడతాయి. యజమానురాలివి వినబడవు. 2020 నాటి లాక్‌డౌనులో ఇల్లే ఆఫీసు అయిన నెలల్లో జాతీయ మహిళా కమిషనుకు ఫిర్యాదులు పెరిగి, ఆ ఏప్రిల్‌లో ప్రత్యేకంగా ఒక వాట్సాప్ నంబరు ప్రకటించవలసి వచ్చింది.

కారణాలు అడిగితే తాగుడు అంటారు, అప్పులు అంటారు, జోడే కీ రఖం చాలలేదంటారు. ఇవన్నీ నిజమే. మహర్ వరుడు ఇవ్వవలసినది కాగా, అది కాగితం మీద బాకీగా ఉండిపోయి, జోడా మాత్రం రొక్కంగా చేతులు మారడం హైదరాబాదు ముస్లిముల ఇళ్లలో కొత్త సంగతి కాదు. కాని తాగుడు, అప్పు, కోపం పూర్తి కారణాలు కాజాలవు. ఆఫీసులో మేనేజరు ఎంత అవమానించినా ఆ మనిషి అతనిపై చేయి ఎత్తడు. ఇంటికి వచ్చి భార్యపై ఎత్తుతాడు. అంటే కోపాన్ని అదుపు చేసుకోవడం అతనికి తెలుసు, ఎక్కడ అదుపు చేసుకోనక్కరలేదో కూడా తెలుసు. భార్య తన అధీనంలోనిది, ఆమెను దండించినా అడిగేవారు లేరు అనే నమ్మకమే అసలు వేరు.

ఈ నమ్మకానికి ధర్మాన్ని సాక్ష్యంగా తెచ్చేవారూ ఉన్నారు. దివ్యఖుర్‌ఆన్‌లోని నాల్గవ సూరా 34వ ఆయతును ఎత్తి చూపుతారు. అందులోని ఖవ్వామ్ అనే పదానికి పోషణ భారం వహించి నిలబడేవాడు అని వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాన్ని వదిలిపెడతారు. ఆ ఆయతును అందుకున్న ప్రవక్త (స) తన జీవితంలో ఏ స్త్రీనీ, ఏ సేవకునీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఫాతిమా బిన్తె ఖైస్ (ర) తనకు వచ్చిన సంబంధాలను గూర్చి సలహా అడిగినప్పుడు, వారిలో ఒకరు కర్రను భుజం మీద నుండి దించని మనిషి అని ప్రవక్త (స) స్పష్టంగా హెచ్చరించి, వేరొక సంబంధం సూచించారు. పెళ్లిమాటల్లో వరుని చేతివాటం తెలిసి కూడా గీబత్ అవుతుందేమోనని నోరు మెదపని పెద్దలు ఈ హదీసును ఒకసారి చదవాలి.

పరిణామాలను గూర్చి ఎక్కువ చెప్పనవసరం లేదు. గాయాలు, గర్భస్రావాలు, నిద్రలేమి, ఎడతెగని దిగులు వైద్యులకు తెలిసినవే. చూస్తూ పెరిగే పిల్లల సంగతి మాత్రం మరచిపోతూ ఉంటారు. కొట్టడం ఇంట్లో చెల్లుతుందని కొడుకు, ఓర్చుకోవడమే తన వంతు అని కూతురు నేర్చుకుంటారు.

ఇక అసలు ప్రశ్న. దెబ్బ తిన్న స్త్రీ పుట్టింటికి వస్తే మొదట వినిపించే మాట సబ్ర్. తరువాతది సుల్హ్. సుల్హ్ మంచిదే. దంపతుల మధ్య చీలిక భయం ఉంటే ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించాలని నాల్గవ సూరా 35వ ఆయతు ఆదేశిస్తుంది. కాని ఆ మధ్యవర్తులు దిద్దుబాటు కోరేవారై ఉండాలి. కొట్టినవానిని ఒక్క మాట అడగకుండా, మళ్లీ కొట్టడనే పూచీ లేకుండా, గాయం మానకముందే ఆమెను ఆటో ఎక్కించి పంపేది మధ్యవర్తిత్వం కాదు. హబీబా బిన్తె సహ్ల్ (ర) ఉదంతం అబూ దావూద్‌లో ఉంది. భర్త సాబిత్ బిన్ ఖైస్ (ర) కొట్టిన దెబ్బకు ఎముక విరిగిందో, గాయమైందో, ఫజ్ర్ వేళకే ఆమె ప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఓర్చుకోమని ఆమెను తిరిగి పంపలేదు. సాబిత్‌ను పిలిపించి, తాను మహర్‌గా ఇచ్చిన తోటలు తీసుకొని ఆమె నుండి విడిపొమ్మన్నారు.

ఆ మార్గమే ఖులా. దాని మీద ఈ నగరంలోనే ఒక కేసు నడిచింది. 2012లో పెళ్లయిన స్త్రీ, 2017లో భర్త కొట్టిన దెబ్బలకు ఆసుపత్రి పాలయ్యానని చెప్పి ఖులా కోరింది. భర్త ఒప్పుకోలేదు. ఆమె ఒక షరయీ మండలిని ఆశ్రయించింది. రాజీ ప్రయత్నాలు ఫలించక 2020లో ఆ మండలి ఖులానామా ఇచ్చింది. అది చెల్లదంటూ భర్త ఫ్యామిలీ కోర్టుకు వెళ్లి 2024లో ఓడి, హైకోర్టుకు అప్పీలు చేశాడు. 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టు ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఖులా కోరడం ముస్లిము స్త్రీకి సంపూర్ణమైన హక్కు, దానికి భర్త సమ్మతి షరతు కాదు. ముఫ్తీ, దారుల్ ఖజా ఇచ్చేది సలహాయే తప్ప ధ్రువీకరణ కాదు. రాజీ ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇవ్వజూపిందా అన్నది చూసి ముద్ర వేయడమే కోర్టు పని. భర్త సమ్మతి కావాలనే ఫిఖహా అభిప్రాయం గలవారికి ఈ తీర్పు రుచించకపోవచ్చు. అయితే పెళ్లికీ తీర్పుకూ మధ్య పదమూడేళ్లు, గాయానికీ తీర్పుకూ మధ్య ఎనిమిదేళ్లు గడిచాయన్నది వారూ గమనించాలి.

స్త్రీకి ధర్మశాస్త్రం ఇచ్చిన దారి ఆచరణలో మూసుకుపోయిన సంగతి పాతదే. బ్రిటిషు ఇండియాలో, ముఖ్యంగా పంజాబులో, పీడించే భర్త నుండి బయటపడే మార్గం హనఫీ న్యాయంలో దొరకక కొందరు స్త్రీలు మతమే వదిలిపెట్టే దుస్థితి వచ్చింది. అది చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930ల ఆరంభంలో అల్ హీలతున్ నాజిజా రచించి, ఇటువంటి విషయాలలో మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చునని ఉలమా సమ్మతితో చెప్పారు. దాని ఫలితంగా వచ్చినదే 1939 నాటి ముస్లిము వివాహ రద్దు చట్టం. ఇది నిజాం సంస్థానపు పూర్వ ప్రాంతాలకు 1959 నాటి విస్తరణ చట్టంతో గాని వర్తించలేదు. అందులో క్రూరత్వానికి ఇచ్చిన నిర్వచనం నేటికీ చదవదగినది. తరచు కొట్టడమే కాదు, దేహం మీద దెబ్బ లేకున్నా ప్రవర్తనతో జీవితాన్ని దుర్భరం చేయడం, ఆమె ఆస్తిని అమ్మివేయడం, ఆమె ధర్మాచరణకు అడ్డుపడటం కూడా క్రూరత్వమే. ఆర్థిక హింస అనే మాట పుట్టకముందే ఉలమా ఆ వస్తువును గుర్తించారన్నమాట.

కాని విడాకులు కోరని స్త్రీ ఏం చేయాలి? ఎక్కువమందికి కావలసింది కాపురమే, కొట్టుడు లేని కాపురం. 2005 చట్టం ప్రయోజనం ఇక్కడే ఉంది. దీని కింద మేజిస్ట్రేటు వద్ద వేసే దరఖాస్తు భర్తను జైలుకు పంపడానికి కాదు. కొట్టకూడదని, ఆఫీసుకు వచ్చి అల్లరి చేయకూడదని ఉత్తర్వు కోరవచ్చు. ఇంటి నుండి వెళ్లగొట్టకూడదని కోరవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, తాను కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కు కోడలికి ఉండవచ్చునని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఖర్చులు, పరిహారం, పిల్లల తాత్కాలిక సంరక్షణ కూడా అడగవచ్చు. వృద్ధురాలైన తల్లి కొడుకు మీద కూడా ఈ చట్టం కింద దరఖాస్తు వేయవచ్చునన్నది చాలామందికి తెలియదు. ఉత్తర్వును ఉల్లంఘించినప్పుడే శిక్ష. ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రక్షణాధికారి సంఘటన నివేదిక రాసి సహాయపడాలి. దరఖాస్తు 60 రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో నెలలు, సంవత్సరాలు పడుతున్నాయి. చాలాచోట్ల రక్షణాధికారికి ఇది పది పనులలో ఒకటి.

క్రిమినల్ కేసు వేరు. 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498-ఏ సెక్షను, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. శిక్ష మూడేళ్ల వరకు. ఫిర్యాదు ఇవ్వగానే అరెస్టు చేస్తారనే భయంతో, లేదా ఆశతో, మాట్లాడేవారు 2014లో సుప్రీంకోర్టు యాంత్రికంగా అరెస్టు చేయరాదని పోలీసులకు చెప్పిన సంగతి తెలుసుకోవాలి. 2019 చట్టం ఒకేసారి చెప్పే మూడు తలాఖులను నేరం చేసింది. తలాఖ్ మాటే ఎత్తకుండా ఏళ్ల తరబడి కొట్టేవానిని ఆ చట్టం తాకదు. ఆ స్త్రీకి 2005 చట్టమే దిక్కు.

మనోవర్తి విషయంలోనూ తెలంగాణ నుండి వెళ్లిన కేసే మార్గదర్శకమైంది. విడాకులు పొందిన స్త్రీకి ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల తాత్కాలిక మనోవర్తి ఇవ్వగా హైకోర్టు దానిని 10,000కు తగ్గించింది. 1986 చట్టం ఉండగా అసలు ఇవ్వనక్కరలేదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ముస్లిము స్త్రీ కూడా 125వ సెక్షను కింద మనోవర్తి కోరవచ్చునని 2024 జులై 10న తీర్పు వచ్చింది. ఆ తీర్పులో జస్టిస్ నాగరత్న గృహిణులను గూర్చి రాస్తూ, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు భార్యకు అందుబాటులో ఉంచవలసిన అవసరాన్ని ప్రస్తావించారు. గచ్చిబౌలి ఫ్లాటులోని జేబులో ఉన్న కార్డు సుప్రీంకోర్టు దాకా చేరిందన్నమాట.

సహాయానికి వెళ్లవలసిన చోట్లు లేకపోలేదు. సైబరాబాద్ పోలీసు కమిషనరేటు గచ్చిబౌలిలోనే ఉంది. 2014లో మొదలైన షీ టీమ్‌లు ప్రధానంగా వీధిలోని వేధింపుల కోసం. ఇంటిలోని బాధితురాలికి 2016లో హైదరాబాదులో ప్రారంభమైన భరోసా కేంద్రం, జిల్లాల్లోని సఖి కేంద్రాలు ఎక్కువ పనికివస్తాయి. అక్కడ వైద్యం, సలహా, న్యాయసహాయం ఒకేచోట దొరుకుతాయి. ఫోను చేయాలంటే మహిళల కొరకు 181, ప్రాణభయం ఉంటే 112. ఆదాయం ఎంత ఉన్నా స్త్రీకి ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. పాతనగరంలో 2002లో కవయిత్రి జమీలా నిషాత్ స్థాపించిన షాహీన్ సంస్థ బస్తీలలో ఈ పని చేస్తూ వచ్చింది.

జమాఅత్ పెద్దలు, ఖాజీలు కూడా చేయగలిగినవి ఉన్నాయి. రాజీకి కూర్చునే ముందు ఆమె ఎక్కడ ఉంటుంది, పిల్లలెవరి వద్ద, ఖర్చు ఎవరిది అని తేల్చాలి. ఆమెను భర్త ఎదుట కాకుండా విడిగా అడగాలి. కుదిరిన షరతులను కాగితం మీద రాయించి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. అది మేజిస్ట్రేటు ఉత్తర్వుకు అడ్డు కాదు. ఉత్తర్వు ఉన్నప్పుడే భర్త ఆ కాగితాన్ని పట్టించుకునే అవకాశం ఎక్కువ. నికాహ్ నాడే నికాహ్‌నామాలో షరతులు రాయించుకునే వీలు హనఫీ ఫిఖహాలో ఉంది. కొట్టినచో తనను తాను విడిపించుకునే అధికారాన్ని భర్త భార్యకు అప్పగించడాన్ని తఫ్వీజ్ అంటారు. వలీమా పదార్థాల పట్టిక గంటలకొద్దీ చర్చించే కుటుంబాలు ఈ ఒక్క పంక్తి రాయించడానికి మొహమాటపడుతున్నాయి. పెళ్లికూతురి తండ్రి అడగలేకపోతే ఖాజీయే అడగవచ్చు.