ఊపిరితిత్తుల మార్పిడి – లామ్ రోగులకు ఆఖరి ఆశ

మెట్లెక్కితే ఆయాసం వస్తే రక్తం తక్కువేమో, ఉబ్బసమేమో అనుకుని ఊరుకుంటాం. చాలాసార్లు అదే నిజం కావచ్చు. కానీ అరుదుగా, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడవాళ్ళలో, ఆ ఆయాసం వెనుక లామ్ అనే జబ్బు ఉంటుంది. దాని పూర్తి పేరు లింఫాంజియోలియోమయోమాటోసిస్. నోరు తిరగని పేరు కనుక లామ్ అనే పిలుచుకుందాం.

మన ఊపిరితిత్తుల్లో వాయుగోణులు కోట్ల సంఖ్యలో ఉంటాయని సైన్సు పాఠంలో చదువుకున్నాం. రక్తానికి ఆక్సిజన్ అందేది అక్కడే. లామ్ వచ్చినవారిలో అసాధారణ కణాలు పెరిగి వాయుగోణులను పాడుచేస్తాయి. వాటి స్థానంలో పలుచని గోడలున్న తిత్తులు, నీటి బుడగల్లా, ఏర్పడతాయి. తిత్తి పగిలితే ఛాతీలోకి గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఉన్నట్టుండి ఛాతీనొప్పి వచ్చి ఊపిరాడదు. ఇది అంటువ్యాధి కాదు. మామూలు ఎక్స్‌రేలో దొరక్కపోయినా సిటీ స్కాన్‌లో ఈ తిత్తులు కనబడతాయి.

జబ్బును ముందే గుర్తిస్తే సిరోలిమస్ అనే మందు ఉంది. 1964లో ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఇది పుట్టింది. దాన్ని వెలికి తీసినవారిలో ముఖ్యుడు భారతదేశం నుంచి వెళ్ళిన శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్. ఈ మందు లామ్‌ను నెమ్మదింపజేస్తుందని 2011లో వెలువడిన పరిశోధన తేల్చింది. అయితే పూర్తిగా నయం చేయదు.

మందు వాడినా ఊపిరి అందని స్థితి వస్తే మిగిలేది మార్పిడి. 1983లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం చేసిన ఆపరేషన్‌తో ఊపిరితిత్తి మార్పిడి విజయవంతమైన వైద్యంగా నిలబడింది. రక్తం గ్రూపు, ఛాతీ కొలత రెండూ సరిపోవాలి. తీసిన ఊపిరితిత్తిని చల్లగా ఉంచి, మామూలుగా కొద్ది గంటల్లోనే అమర్చాలి. సిరోలిమస్ వాడితే శ్వాసనాళం కుట్లు మానవు కనుక ఆపరేషన్‌కు ముందు దాన్ని ఆపుతారు.

ఆ తర్వాత జీవితాంతం మందులు వాడాలి. శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా ఉండడానికే అవి. వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి జలుబును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. కొత్త ఊపిరితిత్తిలో లామ్ మళ్ళీ కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా అమెరికాలో మార్పిడి చేయించుకున్న లామ్ రోగుల్లో సగం మందికి పైగా పదేళ్ళు దాటి బతికారు. మంచం దిగలేని మనిషికి పదేళ్ళంటే తక్కువా!

ఈ పదేళ్ళు డబ్బుతోనే రావు. బ్రెయిన్ డెత్ అయిన మనిషి కుటుంబం పుట్టెడు దుఃఖంలోనూ "సరే" అంటేనే వస్తాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్ పథకం నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పనిచేస్తోంది. పద్దెనిమిదేళ్ళు నిండిన మనలో ఎవరైనా దాతగా పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ చివరి మాట ఇంట్లోవాళ్ళదే. అందుకే సెలవులకు ఊరెళ్ళినప్పుడు అమ్మానాన్నలతో ఈ విషయం మాట్లాడదాం. పక్క మంచం మీది చెల్లెలు తరచూ ఆయాసపడుతుంటే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రిలో చూపిద్దాం. ఈ రెండు పనులూ మన చేతిలో ఉన్నవే.