కుర్చీ వేసేవాడికి కుర్చీ ఏది?

తెలుగు సినిమా ఇరవై నాలుగు శాఖల సమష్టి శ్రమ అని పరిశ్రమ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ శాఖలన్నిటిలో ముందు నిద్రలేచేదీ, అందరి తరువాత పడుకునేదీ ప్రొడక్షన్ విభాగం. ఉదయం ఆరు గంటల కాల్‌షీటుకు ప్రొడక్షన్ అసిస్టెంటు రోజు తెల్లవారుజామున నాలుగింటికే మొదలవుతుంది. టీ క్యాన్లు, మంచినీళ్ల డబ్బాలు, కుర్చీలు, గొడుగులు బండికెక్కించాలి. టిఫిన్ వడ్డించాలి. ఎవరికి చక్కెర లేని టీ ఇవ్వాలో, ఎవరి కుర్చీ ఏ నీడలో ఉండాలో గుర్తుంచుకోవాలి. ప్యాకప్ చెప్పాక గిన్నెలు, గ్లాసులు లెక్కచూసి అప్పగించాలి. టెలివిజన్ సీరియల్ అయితే రోజూ ఒక భాగం ప్రసారం కావలసిందే గనుక ఊపిరి తీసుకునే వ్యవధి ఇంకా తక్కువ. యాభై ఏళ్లు దాటినా అతడు ‘ప్రొడక్షన్ బాయ్’గానే ఉంటాడు.

సత్తెనపల్లి ప్రాంతం నుంచి ఈ పనికి వెళ్లిన యువకులను నేను ఎరుగుదును. వారిలో కొందరు నా తరగతిలో కూర్చున్నవారే. పత్తితీతలు, మిరప కోతలు ముగిశాక ఊళ్లో కూలి ఉండదు. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాదు. పరిచయమున్న డ్రైవరో, మేనేజరో రమ్మంటే హైదరాబాదు బస్సెక్కుతారు. ఈ నేలకు సినిమా కల కొత్తది కాదు. 1956లో సత్తెనపల్లి సమీపాన చాగంటివారిపాలెంలో వడ్రంగి ఇంట పుట్టిన బ్రహ్మానందం, అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి, వెండితెరకు చేరిన కథ ఇక్కడ ప్రతి కుర్రవాడికీ తెలుసు. కాని ఒక్కరి ఆరోహణను చూసి మిగిలిన వందలమంది నడిచే దారిని అంచనా వేయలేము.

ఆ దారిని అర్థం చేసుకోవాలంటే డబ్బు వచ్చిన దారిని కూడా చూడాలి. 1855లో బెజవాడ ఆనకట్ట, 1967లో నాగార్జునసాగర్ కాలువలు ఈ మైదానాలకు నీరిచ్చాయి. భూమి ఉన్న కులాల చేతిలో మిగులు పోగైంది. కోస్తా వ్యవసాయ మిగులు సినిమా హాళ్లకు, పంపిణీకి, నిర్మాణానికి ప్రవహించిన తీరును ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు చర్చించారు. 1938లో అస్పృశ్యతను ప్రశ్నించిన గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’కు సైతం పెట్టుబడి చల్లపల్లి జమీందారుదే. ఆ మిగులును తమ చెమటతో పండించిన మాల మాదిగ కూలీల మనుమలు ఇప్పుడు అదే పరిశ్రమలో గొడుగు పట్టడానికి చేరుతున్నారు. పెట్టుబడీ శ్రమా ఒకే మైదానం నుంచి బయలుదేరాయి. ఒకటి నిర్మాత కుర్చీలో కూర్చున్నది, రెండోది ఆ కుర్చీని మోస్తున్నది.

నగరంలో, స్టూడియోలో కులం ఎవరడుగుతారని కొందరు వాదిస్తారు. వంట, వడ్డన, మంచినీళ్లు: కులం తరతరాలుగా గట్టిగా కాపలా కాసినవి ఇవే. 1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ నిలబడింది నీటి కోసం. 1985లో కారంచేడులో మారణకాండకు ముందు గొడవ రేగింది కూడా దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గరే. అలాంటి చోట దళిత యువకుడు వందమందికి నీళ్లందిస్తున్నాడంటే అది మార్పే. కాని ఆ మార్పు అతడి పేరు బయటపడనంతవరకే నిలుస్తున్నది. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో మరొక పేరు మోసే మా ప్రాంతపు యువకుడికి దాపరికం అలవాటే. ఇంటిపేరు చెప్పడు, ఊరు చెప్పినా పేట చెప్పడు. ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు నవ్వి పక్కకు తప్పుకుంటాడు.

నా పూర్వ విద్యార్థి ఒకడు మూడేళ్లు ఒక యూనిట్‌లో వడ్డన చేశాడు. ఒకనాడు షూటింగు చూడవచ్చిన ఊరివాడు మాటల మధ్య అతడి పేట పేరు చెప్పాడు. మర్నాటి నుంచి అతణ్ణి వడ్డన తప్పించి సామాను బండికి మార్చారు. తిట్టలేదు, కొట్టలేదు, కారణం చెప్పలేదు. కూలి కూడా తగ్గించలేదు. ‘సార్, ఏమని ఫిర్యాదు చెయ్యను?’ అని అతడు నన్నడిగాడు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది. రాజ్యాంగంలో 17వ అధికరణం ఉన్నది. కాని నోటిమాటతో చేరి నోటిమాటతో బదిలీ అయిన మనిషి దగ్గర చూపడానికి ఒక్క కాగితమైనా లేదు.

ఆ కాగితం ఉండాలని చట్టం ఎన్నడో చెప్పింది. 1981 నాటి సినీ కార్మికుల చట్టం లిఖితపూర్వక ఒప్పందం లేకుండా సినీ కార్మికుణ్ణి పనిలో పెట్టుకోరాదన్నది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ టెలివిజన్ సీరియళ్లలో పనిచేసేవారినీ ఆ పరిధిలోకి తెచ్చింది. ఆచరణలో ఒప్పందం తారలకు ఉంటుంది, టీ అందించేవాడికి ఉండదు. 2025 ఆగస్టులో ఫెడరేషన్ కార్మికులు ముప్పై శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. రోజుకు రెండు వేల లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్లలో 22.5 శాతం పెంపు సాధించుకున్నారు. అది గౌరవించదగిన విజయం. అయినా ఆ చర్చలు ప్రధానంగా కూలి రేటు చుట్టూ తిరిగాయి. పనిని ఎవరికి, ఏ ప్రాతిపదికన పంచుతున్నారన్న ప్రశ్న బల్లమీదికి రాలేదు. కులం శ్రమను మాత్రమే గాక శ్రామికులనే విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించాడు. ఆ విభజనను తాకకుండా పెరిగిన వేతనం సామాను బండి దగ్గరికి పంపిన నా విద్యార్థిని తిరిగి వడ్డనకు తేలేదు.

సినిమా ప్రైవేటు వ్యాపారమని తప్పించుకునే వీలు లేదు. స్టూడియోలకు ప్రభుత్వ భూములు దక్కాయి. పెద్ద చిత్రాల టిక్కెట్ల ధర పెంచుకోవడానికి ప్రభుత్వాలే ఉత్తర్వులిస్తున్నాయి. ఆ రాయితీలకు షరతులు పెట్టే హక్కు ప్రజలకున్నది. ప్రతి ప్రొడక్షన్ అసిస్టెంటుకూ చేరిన రోజే లిఖిత ఒప్పందం ఇవ్వాలి. యూనియన్ కార్డు రుసుమును, చేర్చుకునే పద్ధతిని బహిరంగపరచాలి. తెలంగాణ 2024లో ఇంటింటి కులసర్వే చేపట్టినట్లే ఇరవై నాలుగు శాఖలలో ఏ కులాలు ఏ పనిలో ఉన్నాయో లెక్కతీయాలి. మలయాళ చిత్రసీమలో మహిళల స్థితిపై 2017లో నియమించిన హేమ కమిటీ నివేదిక 2024లో వెలుగు చూసిన తరువాతే కేరళ ఆ విషయం మాట్లాడక తప్పలేదు. కులవివక్షను కూడా విచారణాంశంగా చేర్చి తెలుగు రాష్ట్రాలు అటువంటి కమిటీని నియమించాలి.

నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఈనాడు చట్టం దగ్గర సమాధానం ఉన్నది, రుజువు లేదు. రుజువు పుట్టే పద్ధతులను సాధించడమే విద్యార్థి ఉద్యమాల ముందు, కార్మిక సంఘాల ముందు ఉన్న పని.