మీకు తెలుసా? ఆసుపత్రిలో బీపీ పెరిగితే...
నొప్పి, ఆందోళన, నిద్రలేమి, మూత్రం నిలిచిపోవడం, ఇంట్లో రోజూ వేసుకునే మాత్ర ఆగిపోవడం, చేతికి చాలని చిన్న బీపీ పట్టీ: ఆసుపత్రిలో ఉన్నవారి బీపీ అంకెను ఇవన్నీ పెంచుతాయి. అంకె 180/120 దాటినా గుండె, మెదడు, మూత్రపిండాల వంటి అవయవాలు కొత్తగా దెబ్బతినకపోతే అది అత్యవసర స్థితి కాదు. ముందు విశ్రాంతిగా ఉంచి మళ్లీ కొలవాలి, కారణాన్ని సరిచేయాలి. ఇంజెక్షన్‌తో గబగబా దించడం నిజంగా ప్రమాదం. ఎక్కువ బీపీకి అలవాటుపడిన మెదడుకు రక్తం చాలకపోవచ్చు. నాలుక కింద నిఫెడిపిన్ అనే బీపీ మందు పెట్టే పాత పద్ధతిని వైద్యులు వదిలేసింది ఇందుకే. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రుల్లో 2017లో చేరిన 22,834 మంది రికార్డులను పరిశీలిస్తే, బీపీకి మందులిచ్చినవారిలోనే మూత్రపిండాలు, గుండె దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. గర్భిణులు, బాలింతల విషయం వేరు: 160/110 దాటి తగ్గకపోతే వెంటనే చికిత్స అవసరం.