కొట్టు పద్దు - ఇంటి పద్దు

మగ్‌రిబ్ నమాజు ముగిసే వేళకు వీధి చివరి కిరాణా కొట్టు దగ్గర పిల్లలు గుమిగూడి ఉంటారు. ఒకరి చేతిలో నూనె సీసా, ఒకరి చేతిలో అట్ట చిరిగిన చిన్న పుస్తకం. "అమ్మీ రాసుకోమంది" అంటూ పుస్తకాన్ని బల్లమీద పెడతారు. షావుకారుగారు సరకు కట్టి ఇచ్చి, పుస్తకంలో ఒక అంకె వేసి పంపేస్తారు. డబ్బు కంటికి కనబడదు. ధర అడిగినవాళ్లూ ఉండరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఎక్కడ చూసినా మనకు అలవాటైన దృశ్యమే ఇది.

"నెలకు మీ ఇంట్లో సౌదాకు ఎంతవుతుంది?" అని ఎవరినైనా అడిగి చూడండి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఎంతో రూపాయితో సహా చెప్పగలిగినవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడతారు. "ఏముందండీ, ఆరో ఏడో అవుతుంది" అంటారు. మేమూ చాలా ఏళ్లు అలాగే చెప్పాం. ఒక నెల చివర కొట్టు పుస్తకం ఇంటికి తెచ్చుకుని, ఒక్కో పద్దు విడదీసి రాసుకున్నాక గాని మా మాటలో ఎంత నిజముందో మాకు తెలియలేదు.

మా ఇంట్లో ఐదుగురం. ఆ నెల కొట్టు బాకీ 7,640 రూపాయలు. బియ్యం, పప్పు, నూనె, చింతపండు, మిరపకాయలు, సబ్బులు అన్నీ అందులోనివే. పాలు, కూరగాయలు, మాంసం, చేపలు వేరు. మమ్మల్ని ఆలోచనలో పడేసింది బియ్యమూ కాదు, నూనే కాదు. ఐదు, పది, ఇరవై రూపాయల పద్దులు. చిప్స్ పొట్లాలు, బిస్కెట్లు, కూల్‌డ్రింకు, నూడుల్సు, రెండు టీ పొడి పొట్లాలు, మళ్లీ మర్నాడు ఇంకో రెండు. అవన్నీ కూడితే 1,900 దాటాయి. ఆ నెల మా ఇంటి బియ్యానికి అయినదాని కంటే అది ఎక్కువ!

ఇది మా ఒక్కరి ఇంటి సంగతి కాదు. 2023-24లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ దేశమంతటా కుటుంబాల ఖర్చు లెక్క తీసింది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒక మనిషికి నెలకు సగటున 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182 రూపాయలు ఖర్చవుతున్నట్లు తేలింది. బట్టలు, బస్సు చార్జీలు, మందులు, ఫోను అన్నీ కలిపిన మొత్తమిది. దేశంలోని పల్లెల్లో ప్రతి వంద రూపాయల్లో 47 తిండికే పోతున్నాయి. అయితే ఆ తిండిలో ఏముందన్నదే అసలు మార్పు. 1999-2000లో పల్లె కుటుంబం నూటికి 22 రూపాయలు బియ్యం, గోధుమ వంటి ధాన్యాలకు పెట్టేది. ఇప్పుడది ఐదు రూపాయలకు దిగింది. తయారై వచ్చే తినుబండారాలు, పానీయాలకు దాదాపు పది రూపాయలు పోతున్నాయి. మా పుస్తకం చెప్పిన సంగతే దేశం లెక్కలోనూ ఉందన్నమాట.

అరువు తెచ్చుకునే చెయ్యి

కొట్టువారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కోనసీమలో కిరాణా కొట్టు అంటే సరకులమ్మే చోటు మాత్రమే కాదు. గౌతమికీ వశిష్ఠకూ మధ్య, వైనతేయ పాయ నడుమ చీల్చిన ద్వీపం మనది. ఎదుర్లంక దగ్గర యానాం వంతెన 2002లో వచ్చేదాకా ఆ వైపు నుంచి వచ్చే సరకు రేవు దాటాల్సిందే. పడవ ఆగితే కొట్లో సరకు నిండుకునేది. అలాంటి రోజుల్లోనూ తెలిసిన ఇంటికి పది కిలోల బియ్యం పక్కన పెట్టి ఉంచింది ఈ షావుకార్లే.

2020 సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు రమజాన్ మాసమంతా లాక్‌డౌన్‌లోనే గడిచింది. కువైట్‌లో, దుబాయ్‌లో, మస్కట్‌లో పనులు ఆగిపోయి ఎన్నో ఇళ్లకు డబ్బు రావడం నిలిచింది. దర్జీ మిషన్లు మూగబోయాయి. మాకు ఆ రెండు నెలలూ సహరీకీ ఇఫ్తార్‌కూ లోటు లేకుండా గడిచిందంటే, "ఎప్పుడుంటే అప్పుడివ్వండి" అన్న ఒక్క మాటవల్లే. 2022 జులైలో గోదావరి లంకల్ని ముంచెత్తినప్పుడు కూడా ముందుగా తలుపు తీసింది ఊళ్లో కొట్టే. ఏ పెద్ద మార్టూ మనింట్లో మయ్యత్ జరిగిన రోజున చక్కెరా టీ పొడీ అరువిచ్చి పంపదు.

కానీ ఈ మంచితనానికి మనం చెల్లించే వెల ఒకటుంది. అరువు తెచ్చుకునే చెయ్యి ధర అడగలేదు. కందిపప్పు ఈ వారం కిలో ఎంత అని అడగడానికి మొహమాటం. పక్క కొట్లో తక్కువని తెలిసినా, పాత బాకీ ఉన్నందువల్ల అక్కడికి వెళ్లలేం. నగదు చేతిలో ఉన్న రోజున కూడా "దారిలో చూస్తే ఏమనుకుంటారో" అని సందు తిరిగి వెళ్లిన సందర్భాలు మాకున్నాయి. ఎక్కడ కొనాలన్నది మనం తేల్చుకుంటున్నామనుకుంటాం గాని, బాకీయే తేలుస్తుంది.

ఇంకొక సంగతి. మేం పద్దులు విడదీసిన ఆ నెలలోనే నూనె రెండు లీటర్లు రెండుసార్లు పడింది. కొట్టు కుర్రాడు ఒకసారి రాశాడు, సాయంత్రం షావుకారుగారు చూసుకోక మళ్లీ రాశారు. అడిగితే వెంటనే కొట్టేశారు. మోసం కాదు, ఏమరుపాటు. అదే పుస్తకంలో మేం తెచ్చుకున్న కిలో చక్కెర రాయనే లేదు. అది మేమే చెప్పి రాయించాం. చెప్పేటప్పుడు మా అబ్బాయి "ఎందుకు నాన్నా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి చక్కెర ఖరీదు కంటే ఎక్కువ సమయమే పట్టింది.

దివ్య ఖురాన్‌లో అన్నిటికంటే పెద్ద వచనం ఏదో మనలో చాలామందికి తెలుసు. రెండవ అధ్యాయం అల్ బఖరాలోని 282వ వచనం. అది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. గడువు పెట్టి చేసే అప్పు గురించి. రాసుకోవాలి, న్యాయంగా రాయాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకూడదు అన్నది దాని సారం. బాకీ ఉన్నవాడు చెబుతుండగా రాయాలన్న నియమం కూడా అందులో ఉంది. మన వీధిలో జరుగుతున్నది దీనికి తలకిందులు. ఇచ్చేవారు చెబుతారు, ఇచ్చేవారే రాస్తారు, పుస్తకం కూడా సగం రోజులు వారి దగ్గరే ఉంటుంది. దానికి రెండు వచనాల ముందే, బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు ఇమ్మనే ఆదేశం ఉంది. మన షావుకార్లలో ఎక్కువమంది ముస్లిములు కారు, ఈ వచనం వారు చదివి ఉండరు. అయినా వెసులుబాటు ఇస్తున్నారు. రాసుకోవలసిన మనమే రాసుకోవడం లేదు.

ఎక్కడ ఏది కొనాలి?

పద్దులు విడదీశాక మేం ఒక పనిచేశాం. అన్నీ ఒకేచోట కొనడం మానేశాం. ఇది గొప్ప కనిపెట్టు కాదు, మా దాదీ కాలంలో అందరూ చేసినదే.

బియ్యం బస్తా నగదుకు కొంటున్నాం. ఇప్పుడు బజారులో 26 కిలోల బస్తాలు కనబడుతున్నాయి కదా, పాతిక కాకుండా ఈ ఇరవయ్యారేమిటని మొదట మాకూ అర్థం కాలేదు. 2022 జులైలో పాతిక కిలోల వరకు లేబుల్ వేసి అమ్మే బియ్యం, పిండి, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వేశారు. దాన్ని దాటడానికి మిల్లర్లు ఒక కిలో పెంచారు. విడిగా తూచి ఇచ్చే సరకుకూ ఆ పన్ను లేదు. కాబట్టి పప్పు, మినుములు, చింతపండు కాటా మీద తూయించుకోవడమే మేలు. కాటా ముల్లు, అంకె కనబడేలా నిలబడడం మాత్రం మన పని.

నూనె దగ్గర కళ్లు పెట్టి చూడాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పొట్లాల్లో 850, 800, 750 గ్రాములవి కూడా ఉంటున్నాయి. చూడడానికి అన్నీ ఒకే కొలత. "పక్కదానికంటే పది రూపాయలు తక్కువ" అని తెచ్చుకున్న పొట్లం ఇంటికొచ్చాక చూస్తే నూనే తక్కువ. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చేదే. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచగానే ధర ఎగబాకింది, 2025 మే నెలాఖరున ముడినూనెపై సుంకం సగానికి తగ్గించారు. ఇలాంటి రోజుల్లో అరువు పుస్తకంలో పాత ధరే కొనసాగుతోందా, కొత్తది వేశారా అన్నది అడిగి తెలుసుకోవలసిందే.

చిన్న పొట్లాల సంగతి చెప్పాం కదా. టీ పొడి, కారం, పసుపు పొట్లం మీద గ్రాములు చూసి కిలోకు లెక్కకట్టండి, పెద్ద పొట్లానికీ దానికీ ఉన్న తేడా చూసి నోట మాట రాదు. షాంపూలో మాత్రం ఇది తరచుగా తిరగబడుతుంది. రూపాయి, రెండు రూపాయల పొట్లమే సీసా కంటే చవక పడుతుంది. లెక్క కట్టకుండా ఏ సూత్రాన్నీ నమ్మకూడదు, మేం చెప్పినదాన్నైనా సరే.

కూరగాయలు సంతలోనో, అమలాపురం వైపు వెళ్లినప్పుడు రైతుబజారులోనో కొంటున్నాం. 1999లో రాష్ట్రంలో రైతుబజార్లు పెట్టినప్పటి నుంచి అక్కడ ధర పలకమీద రాసే పద్ధతి ఉంది, అడగడానికి మొహమాటపడేవారికి అదొక సౌకర్యం. అరటికీ కొబ్బరికీ మన సీమలో కొదువ లేదు. అయినా 2025లో కొబ్బరి ధర పెరిగిన నెలల్లో, చెట్ల కిందే ఉండి కాయ కొనడానికి వెనుకాడిన ఇళ్లున్నాయి. పులస మాట ఎత్తం. అది ఖర్చు కిందికి రాదు, వేరే సంగతి!

పెద్ద మార్టులకు రాజమండ్రి, కాకినాడ దాకా వెళ్లేవారున్నారు. ఐదారు కుటుంబాలు కలిసి ఆటోలో వెళ్లి మూడు నెలల సబ్బులు, నూనె తెచ్చుకుంటే గిట్టుబాటే. పిల్లలతో సహా సరదాగా వెళ్లినవారు మాత్రం మిగిల్చినది ఐస్‌క్రీములకే పెట్టి వస్తారు. మేం రెండూ చేశాం.

ఇక కోటా బియ్యం. 2021 నుంచి వాహనం వీధిలోకి వచ్చేది, 2025 జూన్ నుంచి తిరిగి రేషన్ షాపుకే వెళ్లాలి. మనిషికి ఐదు కిలోలు. ఐదుగురి ఇంటికి పాతిక కిలోలు. ఈ బియ్యాన్ని కిలో పదో పన్నెండో రూపాయలకు అమ్మేసి, యాభై దాటిన సన్నబియ్యం కొనే ఇళ్లు తక్కువేం లేవు. అమ్మడం చట్టరీత్యా నేరం, ఆ మాట అటుంచి లెక్క చూసినా నష్టమే. ఇడ్లీ, దోసె పిండికీ, పిండి వంటలకూ వాడితే బస్తా మరో వారం వస్తుంది. "అందులో ప్లాస్టిక్ గింజలున్నాయి" అని పారేసినవారినీ చూశాం. 2024 నాటికి దేశమంతటా కోటా బియ్యంలో వందకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజల్ని కలిపారు. కడిగేటప్పుడు నీళ్లపై తేలి వేరుగా కనిపించేవి అవే. రక్తహీనత ఉన్న మన ఆడపిల్లల కోసం వేసినవాటిని ఏరి పారేశాం!

రమజాన్ నెల బాకీ

ఇళ్లలో కొట్టు బాకీ అదుపు తప్పేది ఎక్కువగా రమజాన్‌లోనే. పస్తులుండే నెలలో సౌదా పెరగడం వింతే గాని, ఇఫ్తార్ పళ్లెం చూస్తే కారణం తెలుస్తుంది. ఖర్జూరం, పండ్లు, పకోడీలు, హలీం, షర్బత్, పండుగకు సేమియా, నెయ్యి, జీడిపప్పు. దీనికి తోడు మన మాసం చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, జీతం, గల్ఫ్ డబ్బు, కోటా బియ్యం ఇంగ్లీషు నెలను బట్టి వస్తాయి. 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలై మార్చి 31న పండుగ వచ్చింది. నెలాఖరు రోజు! చేతిలో పైసా ఆడని రోజున పండుగ సౌదా మొత్తం పుస్తకంలోకే వెళ్లింది. ఆ బాకీ చాలా ఇళ్లలో బక్రీద్ దాకా లాగింది.

2015లో మొదలై 2019 వరకు రేషన్ షాపుల్లో రంజాన్ తోఫా ఇచ్చేవారు. ఐదు కిలోల గోధుమపిండి, రెండు కిలోల చక్కెర, కిలో సేమియా, వంద గ్రాముల నెయ్యి. ఆ సంచీ మీద రాజకీయాలెన్ని ఉన్నా, పండుగ ముందు కొట్టు పుస్తకంలో నాలుగు పద్దులు తగ్గేవి. ఇప్పుడు ఆ నాలుగు పద్దులూ తగ్గించగలిగేది మన ఫిత్రాయే. అసలు ఫిత్రా అన్నదే సౌదా ధరతో ముడిపడ్డ దానం. పావు తక్కువ రెండు కిలోల గోధుమల ధరను బట్టి ప్రతి ఏడూ మసీదుల్లో చెబుతారు. దాన్ని పండుగ నమాజుకు బయల్దేరేటప్పుడు ఇస్తే పేదింటి గృహిణి అప్పటికే అరువు తెచ్చేసి ఉంటుంది. నాలుగైదు రోజుల ముందే ఇస్తే ఆమె నగదుతో కొట్టుకు వెళుతుంది, ధర అడిగి కొంటుంది.

మా ఇంట్లో ఇప్పుడు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి కొట్టుది, ఒకటి మాది. సరకు ఇంట్లోకి రాగానే మా అమ్మాయి తేదీ, తూకం, ధర రాస్తుంది. నెల మొదటి శుక్రవారం జుమా నుంచి వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాం. బాకీ పూర్తిగా తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు నెలకు 6,200 దాకా అవుతోంది. షావుకారుగారు మొదట్లో కాస్త నొచ్చుకున్నారు. కిందటి నెల ఆయనే, "మీ పుస్తకం ఒకసారి ఇవ్వండి బాబూ, మా కుర్రాడు కందిపప్పు రాశాడో లేదో చూసుకుంటాను" అని అడిగి తీసుకున్నారు.