జోకు ఎవరి మీద పేలాలి?

ఖాళీ దొరికితే నవ్వొచ్చే ముక్కలు నాలుగు రాసి ఆన్‌లైన్లో పెట్టడం నా సరదా. తెలుగులో రాసేవాళ్ళకి ఇందులో ఒక సుఖముంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, అసలు సంగతిని ఆఖరి మాట దాకా దాచుకోవచ్చు. "మెస్ సాంబార్లో నిన్న ములక్కాడ దొరికింది" అంటే అది వార్త. "ములక్కాడ దొరికితే, వార్డెన్ గారొచ్చి ఎక్కడ కొన్నావన్నారు" అంటే జోకు. ఆ "కొన్నావు"ని ముందుకి లాగి చూడండి, చప్పబడిపోతుంది.

ఇది అలవాటైపోతుంది. కష్టమైనది, ఎవర్ని చూసి నవ్వాలన్నది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924 నాటిది. అందులో కథ చెప్పేది పార్వతీశమే, బోల్తా పడేదీ అతనే. ఆడవాళ్ళ టోపీ అని తెలీక కొనుక్కుని, సీరియస్‌గా మనకి చెప్తాడు. ఇంకెవరికీ దెబ్బ తగలదు.

క్లాసులో ఫ్రెండ్ యాస మీద జోకేస్తే వాడూ నవ్వుతాడు, మనం వాడికి తెలుసు కాబట్టి. అదే స్క్రీన్‌షాటై వేరే బ్రాంచి గ్రూపులోకి వెళ్తే అక్కడ మనిషి ఉండడు, యాసే ఉంటుంది. ఎవరో చేసిన అలాంటి మీమ్ తర్వాత మా బ్యాచ్‌లో ఒకబ్బాయి సెమినార్లలో నోరు విప్పడం మానేశాడు. మార్కులు కూడా పోయాయి.

అందుకని పోస్ట్ చేసే ముందు జోకుని నా మీదకి తిప్పుకుని చదువుతా. నవ్వు రాలేదా, అందులో వాడి యాస తప్ప సరుకేం లేదన్నమాట. డ్రాఫ్టులోనే చెరిపేస్తా.